గుడారానికి ఎనిమిది, మంచానికి ఇరవై

తలుపుకు తాళం లేదు.
బల్ల మీద పాత బిస్కెట్ల డబ్బా, మూతకో చీలిక,
పక్కన గీతల పుస్తకం, దారం కట్టిన పెన్సిలు.
గోడ మీద వంకర చేతిరాత:
గుడారానికి ఎనిమిది, మంచానికి ఇరవై,
వేడినీళ్ళు ఒక నాణేనికి నాలుగు నిమిషాలు.
ఎవరూ చూడరు. మీరే వేయండి, మీరే రాయండి.

షెట్లాండ్ దీవులన్నీ అయిపోయాక
అయ్యో, ఇదొకటి మిగిలిపోయిందే అన్నట్టుండే దీవి.
పడవ వారానికి రెండుసార్లు, అదీ సముద్రం ఒప్పుకుంటే.
నా దగ్గరున్నవి ఎంచిన పౌండ్లు;
ఎంచినకొద్దీ తరుగుతాయేమోనని
ఎంచడం మానేశాను.
ఎనిమిది వేశాను. పేరు రాశాను.
గొర్రెలు కొరికి నున్నగా చేసిన గడ్డిలో
రాతిగోడ వారగా గుడారం వేశాను.

"గోడకి ఇంకా దగ్గరగా జరుగు" అంది ఓస్లా,
బకెట్టు మోసుకుపోతూ, ఆగకుండానే.
డెబ్బై దాటిన మనిషి. కాళ్ళకు మగవాళ్ళ బూట్లు.
జరిగాను, రెండడుగులు.
నాలుగు జరగాల్సింది.

జూన్ నెల. ఇక్కడ రాత్రి
రావడానికి బయల్దేరి, సగం దారిలో మనసు మార్చుకుంటుంది.
పదకొండింటికీ పుస్తకం చదువుకోవచ్చు.
ఒంటిగంటకు అక్షరాలు కాస్త మసకబారతాయి, అంతే.
ఈ వెలుతురుకు వాళ్ళకో పేరుంది: సిమర్ డిమ్.
పాలు పొంగకుండా సెగ తగ్గించినట్టు
గొంతు తగ్గించి చెప్పింది ఓస్లా ఆ మాట.

వంటగదిలో ఒక అర. ముందు వచ్చినవాళ్ళు వదిలేసినవి:
సగం ప్యాకెట్టు పాస్తా, గడ్డకట్టిన పంచదార,
పోలిష్ చీటీ అంటించిన బీట్‌రూట్ సీసా,
ఎవరి పిల్లవాడిదో ఎడమకాలి మేజోడు.
మేజోడు తప్ప మిగతావన్నీ వండాను.
సైకిలు తోసుకుంటూ వచ్చిన యిట్స్కె
"ఉప్పెక్కువైంది" అంది,
రెండోసారి వడ్డించుకుంటూ.

గాలి రెండింటికి వచ్చింది.
ముందు ఒక మేకు, వెంటనే దాని తోడబుట్టినవన్నీ.
గుడారం నా మీంచి లేచి
భోజనాల దగ్గర అలిగిన చుట్టంలా
గోడ దాటి, వెనక్కి చూడకుండా పోయింది.
దుప్పటి సంచిలో నేను, పైన ఏ అడ్డూ లేని ఆకాశం.
ఒక గొర్రె నా వైపు చూసింది,
నమలడం మాత్రం ఆపలేదు.

తాళం లేని తలుపే కదా.
మూడో గదిలో ఖాళీ మంచం. వెచ్చటి కంబళి.
నిద్ర మాత్రం లేదు.
ఇరవైలోంచి ఎనిమిది పోతే పన్నెండు.
పన్నెండంటే రెండు రోజుల తిండి.
ఎవరూ చూడరు అని రాసిన గోడ
రాత్రంతా నన్నే చూసింది.

పొద్దున్నే వెళ్ళి పుస్తకం తెరిచాను.
నా పేరు కింద, అదే వంకర రాత:
"గాలి లోపలికి తెచ్చింది. గాలే కట్టాలి."

పేజీలు వెనక్కి తిప్పాను.
ఇద్దరు, వాన కట్టాలి.
ఒక ముసలాయన, జ్వరం కట్టాలి.
తల్లీ బిడ్డా, ఏమీ రాయలేదు, ఒక గీత మాత్రం.
ముప్ఫై ఏళ్ళ బాకీలు. వసూలైనట్టు ఎక్కడా లేదు.

గుడారాన్ని లావ్రీ తెచ్చాడు,
కొండకొమ్మున కంచెకు చిక్కుకుందట.
భుజాన వేసుకుని వస్తుంటే
దాన్ని ఏదో జంతువనుకుని పెద్ద పక్షులు
అతని టోపీ తన్నుకుపోయాయట.
టోపీకి నేనెంత కట్టాలని అడిగితే
చాలాసేపు ఆలోచించి, "పాత టోపీ" అన్నాడు.

పడవ నాలుగు రోజులు రాలేదు.
కూలిన గోడకు రాళ్ళందించాను.
ఓస్లా వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు;
ఒక రాయి తీసి, తిప్పి, మళ్ళీ పెట్టమంది.

ఐదోనాడు, పడవ మీద, ఒడ్డు కనుమరుగయ్యాక
చలికి జేబులో చెయ్యి పెడితే తగిలింది.
చిరిగిన గుడారం కట్టుకోవడానికి
దారం కావాలని విప్పానే,
ఆ పెన్సిలు.

ఈపాటికి ఎవరో నిలబడే ఉంటారు
ఆ బల్ల ముందు,
చేతిలో ఎనిమిది పట్టుకుని,
దేంతో రాయాలో తెలియక.